నర్సు కెలేరా, నెమాని కుడి పాదం

పుండు కంటికి కనపడకముందే కెలేరా ముక్కుకు తెలిసిపోయేది. కందావు దీవి దక్షిణపు ఒడ్డున వైతాంగాలో ఉన్న చిన్న నర్సింగు స్టేషనుకు ఇరవై రెండేళ్ళుగా ఆమె ఒక్కతే నర్సు. వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచి చాప మీద చతికిలబడేలోపే "ఏ కాలు?" అని అడిగేది. ఊళ్ళో సగం మందికి చక్కెర జబ్బు. కాబట్టి ఎక్కువసార్లు కాలే.

"ఆసుపత్రి వేటకుక్కవే నువ్వు. నీకు జీతం బదులు ఎముకలు పంపించమని చెప్తా సువాకి" అని ఏడిపించేవాడు నెమాని.

నెమాని ఆమెకు మేనత్త కొడుకు. వరసకు బావ కనక ఏమన్నా చెల్లుతుంది. అనకపోతేనే తప్పు. కొండమీద యాంగోనా తోట అతనిది; ఆ వేళ్ళు దంచి నీళ్ళలో కలుపుకుని తాగుతారు. ఊరి చర్చిలో పాటగాళ్ళ బృందానికి పెద్ద. నిలువెత్తు మనిషి, నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఏటా ఆగస్టులో రాజధాని సువాలో జరిగే పాటల పోటీకి ఊరి బృందాన్ని తీసుకెళ్ళేది అతనే. చక్కెర ఉందని నాలుగేళ్ళ కిందట కెలేరా పట్టుకుంది. ఇచ్చిన మాత్రల్ని అతను కోడి గుడ్లు పెట్టే బుట్టలో దాచేవాడని చాలాకాలం తరవాత తెలిసింది.

కెలేరా నర్సు చదువు సువాలో చదివింది. అక్కడ నేర్చుకున్నవాటిలో సగం మరిచిపోయింది గాని ఒక మధ్యాహ్నం మాత్రం మరిచిపోలేదు. పాఠం చెప్పే ముసలాయన సూక్ష్మదర్శిని కింద రెండు గాజుపలకలు పెట్టి ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు. మొదటిదాంట్లో సన్నటి పోగుల అల్లిక, దాని మీద చేతులు చాచి పడుకున్నట్టు కణాలు. "ఈ పోగు పేరు కొలాజెన్. మన ఒంటిని కుట్టి ఉంచిన దారం ఇదే" అన్నాడాయన. రెండోదాంట్లో అదే అల్లిక మీద మానని పుండు నుంచి తీసిన రసం ఒక చుక్క వేసి ఒక రాత్రి ఉంచారట. పోగులు ఉప్పులా కరిగిపోయి ఉన్నాయి. కణాలు గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి.

"రసంలో విషం ఉందా?" అని అడిగింది కెలేరా.

"విషం కాదమ్మా. కొలాజెన్‌ను కొరికే ఎంజైములు. చాలావరకు మన తెల్ల కణాలే వదులుతాయి, కొన్ని క్రిములు వదులుతాయి. ఈ కణాల్ని అవి ముట్టుకోలేదు. పట్టుకోవడానికి పోగు లేకపోయింది, అంతే. పట్టు తప్పిన కణం తనంతట తనే చచ్చిపోతుంది."

ఆ మాట విన్న రోజు కెలేరా సరిగా అన్నం తినలేదు. తండ్రి కాలి పుండుతోనే పోయాడు. ఊళ్ళో అందరూ ఎవరో చేతబడి చేశారన్నారు. ఎవరూ ఏమీ చెయ్యలేదనీ, ఆయన ఒళ్ళే ఆయన్ని విప్పుకుందనీ ఆ గాజుపలక ముందు ఆమెకు అర్థమైంది.

నెమాని సంగతి ఏప్రిల్‌లో మొదలైంది. ఆదివారం ప్రార్థన ముగిసి పాటగాళ్ళు బయటికి వెళ్తుంటే, తెల్ల చాప మీద వరసగా ఎర్రటి మరకలు కనిపించాయి. కెలేరా ఆ మరకల వెంట నడిచి కొబ్బరిచెట్టు కింద బృందంతో నవ్వుతూ నిలబడ్డ నెమాని దగ్గరికి చేరింది.

"బావా, కాలెత్తు."

"అందరి ముందూ కాలు పట్టుకుంటావేంటే మరదలా? మా ఆవిడ వాసిటి చూస్తే ఊరుకుంటుందా?"

"ఎత్తమన్నానా!"

కుడి బొటనవేలి కింద అరికాలిలో విరిగిన గవ్వముక్క సగందాకా దిగి ఉంది. ఎన్ని రోజులైందో అతనికే తెలియదు. ఆమె పట్టకారుతో లాగుతుంటే అతను పక్కవాడితో తర్వాతి పాట శ్రుతి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. కెలేరాకు భయం వేసింది ఆ నొప్పి లేకపోవడం చూసే.

ఆ రోజు నుంచి రెండు రోజులకోసారి కట్టు మార్చింది. పుండు మానలేదు. అడుగున పసుపుపచ్చటి చచ్చిన కండ మీగడలా పేరుకుంది. అది పోతే గాని కింద కొత్త కండ రాదు. ఆ ముందు ఏడాది ఓడలో వచ్చి పళ్ళూ కళ్ళూ చూసి వెళ్ళిన విదేశీ వైద్యులు వదిలిన సామానులో మూడు ట్యూబుల మందు ఉంది. చచ్చిన కండను పట్టి ఉంచే కొలాజెన్‌ను కరిగించే ఎంజైమే ఆ మందు. పుండును మానకుండా చేసేది ఎంజైమే, శుభ్రం చేసేదీ ఎంజైమే. కెలేరా అట్టమీద చదివి, సువాలో డాక్టరు ప్రనీలకు ఫోను చేసి కనుక్కుని, మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి పసుపు చాలావరకు పోయి అడుగున ఎర్రటి గింజల్లాంటి కండ కనిపించింది.

"చూశావా అక్కా, దానిమ్మ గింజల్లా లేవూ!" అని నెమాని పెళ్ళాం వాసిటికి చూపించింది.

"మా దీవిలో పండని పండు పేరెందుకు చెప్తావ్? బాగుందా బాగోలేదా, అది చెప్పు."

"బాగుంది."

వాసిటి ఆ పూట లోలో, అంటే కొబ్బరిపాలు, పోసి వండిన చేపల కూర, ఉడికించిన దాలో దుంపలు ఆకులో చుట్టి పంపింది.

జూలై చివర్లో ట్యూబులు అయిపోయాయి. పుండు మూడొంతులు ఎర్రబడింది, అంచున ఇంకా కాస్త పసుపు ఉంది. అదే వారం దీవి పెద్దాసుపత్రి ఉన్న వునిసేయాలో తొమ్మిది రోజుల శిక్షణకు కెలేరా వెళ్ళాలి. వెళ్ళే ముందురోజు వాసిటి వచ్చి అడిగింది.

"చెల్లీ, మా అమ్మ పుళ్ళకి పచ్చి బొప్పాయి కోరు వేసేది. దానిక్కూడా చచ్చిన కండ తినే గుణం ఉందంటగా?"

కెలేరా వద్దు అనలేదు. ముదురు మాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తే ఎలా మెత్తబడుతుందో ఆమెకూ తెలుసు. నర్సులు మందు లేని చోట వాడడం ఆమె చూసింది కూడా. "అరగంటే అక్కా. పసుపు ఉన్న చోటే పెట్టు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. కాచిన నీళ్ళతో కడిగేసి పొడి గుడ్డ కట్టు. బొప్పాయి పాలకి చచ్చినదేదో బతికినదేదో సరిగా తెలియదు. అరగంట దాటొద్దు" అంది. రెండుసార్లు చెప్పింది. రాసి ఇవ్వలేదు.

గాలివాన వల్ల పడవ ఆగి, తొమ్మిది రోజులు పదమూడయ్యాయి. తిరిగొచ్చి సంచి భుజాన ఉండగానే నెమాని ఇంటికి వెళ్ళింది. వాకిట్లోనే ముక్కుకు తగిలింది ఆ వాసన.

కట్టు విప్పితే బొప్పాయి గుజ్జు, బురద, గుడ్డ ఒకటై ఉన్నాయి. ఎర్రటి గింజల్లేవు. వేలి కింద గుంట పడి, అడుగున ఎముక తెల్లగా కనిపిస్తోంది. పక్క వేళ్ళ మధ్య చర్మం బూడిదరంగుకు తిరిగింది.

"ఎంతసేపు పెట్టావక్కా?"

వాసిటి మొగుడి వంక చూసింది. అతను ఇంటికప్పు వంక చూశాడు.

"పెట్టే ఉంచాను. రాత్రీ పగలూ. ఎక్కువ పెడితే తొందరగా..." అని ఆగిపోయింది వాసిటి.

"ఈ కాలితో కొండెక్కావా బావా?"

"పోటీకి వెళ్ళే ఓడలో యాంగోనా వేళ్ళు పంపాలి గదా. నా బదులు నువ్వు తవ్వుతావా?"

కెలేరా సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి ప్రనీలకు ఫోను చేసింది. ఆవిడ అంతా విని "ఎముక కనిపిస్తోందంటే ఇక ఇంటి కట్లు లాభం లేదు. రేపే పంపించండి సిస్టర్" అంది.

"బొప్పాయి వల్లేనా?" అని అడిగింది కెలేరా.

"చెప్పలేను. అది కొంత తిని ఉంటుంది. చక్కెర కాలిలో ఆ పని చెయ్యడానికి బొప్పాయి అక్కర్లేదు కూడా. మామూలు మనిషికి పుండు శుభ్రం కాగానే ఆ ఎంజైములు ఆగిపోతాయి. చక్కెర ఎక్కువున్న ఒంట్లో ఆగవు. కొత్త పోగు పడీ పడగానే కొరికేస్తుంటాయి. పైగా క్రిములు. ఎవరి వాటా ఎంతో కోసి చూసినా తెలియదు."

నెమాని వెళ్ళనన్నాడు.

"గురువారం మా బృందమంతా ఓడెక్కుతున్నాం. ఇంకా నాలుగు రోజులేగా. సువాలో దిగగానే పాట పాడేసి నేనే నడిచొస్తా ఆసుపత్రికి. ఇరవై ఏళ్ళుగా నిలబెట్టిన పాట మరదలా! నేను లేకపోతే కింది గొంతు ఎవరందుకుంటారు?"

"ముందు ఆసుపత్రి, తర్వాత పాట. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా. బైబిలు మీద ఒట్టు వెయ్యమంటావా?"

అప్పుడు కెలేరా చెయ్యాల్సింది ఒకటే. వునిసేయాకు కబురు చేసి పడవ తెప్పించి, ఊరిపెద్దతో చెప్పించి, బలవంతాన ఎక్కించాలి. ఆ అధికారం ఆమెకు ఉంది, లోగడ ఇద్దరి విషయంలో వాడింది కూడా. కాని వాళ్ళెవరూ చిన్నప్పుడు ఆమె జడకు పీత కట్టిన బావ కాదు. పైగా బొప్పాయికి సరే అన్న నోరు తనదే. "నాలుగు రోజులే" అంది. రిజిస్టరులో మాత్రం "రోగి వెళ్ళడానికి నిరాకరించాడు" అని రాసింది. తను ఒప్పుకున్న మాట రాయలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి నెమానికి చలి పట్టుకుంది. బొటనవేలు, దాని పక్కది నల్లబడ్డాయి. నలుపు చూస్తుండగానే పాదం మీదికి పాకుతున్నట్టు ఉంది. పడవలో వునిసేయా, అక్కణ్ణుంచి చిన్న విమానంలో సువా. మోకాలి కింద తీసేశారు.

పోటీ రోజు వార్డులో పక్క మంచం ఆయన రేడియో పెట్టాడు. కందావు వాళ్ళ వంతు వచ్చినప్పుడు నెమాని గోడవైపు తిరిగి పడుకున్నాడని వాసిటి చెప్పింది. బృందానికి ఏ బహుమతీ రాలేదు.

నవంబరులో ఊతకర్రలతో తిరిగొచ్చాడు. ఊరంతా రేవుకు వెళ్ళింది. కెలేరా మందుల సంచితో నీళ్ళలోకి దిగి, పడవ అంచు పట్టుకుని "రా బావా, ఎముక కోసం వచ్చాను" అంది. తెల్లవారుజాము నుంచీ కూడదీసుకున్న మాట అది.

నెమాని ఆమె వంక మర్యాదగా చూశాడు. "నమస్కారం సిస్టర్. శ్రమ తీసుకున్నారు" అన్నాడు.

బావ నోట మరదలికి మన్ననా! చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. కట్టు మార్చడానికి ఇంటికి వెళ్తే చాప వేయించేవాడు, టీ ఇప్పించేవాడు, "మీరు" అనేవాడు. ఊళ్ళో మాటలు వేరేగా నడిచాయి. తప్పు వాసిటిదని ఆడవాళ్ళు తేల్చారు. బట్టలుతికే చోట ఒకతె "మాంసం మెత్తబడాలంటే వాసిటిని అడగండి" అందట. వాసిటి ఆ తర్వాత ఉతకడానికి ఎవరూ లేని వేళ చూసి వెళ్ళేది. కెలేరా ఆ మాట విని కూడా అసలు బొప్పాయికి సరేనంది నేనే అని ఎవరికీ చెప్పలేదు. రిజిస్టరులో ఆ పేజీ తీసి చూసుకునేది, మూసేసేది.

చివరికి ఆమె చేసింది ఇది. వునిసేయాలో ఉన్న తన పైఅధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ మందలింపు కాగితం ఇచ్చి, "ఇంతటితో ఊరుకో, ఊళ్ళో నోరు జారకు" అంది. కెలేరా తిరిగొచ్చి చిన్నాన్న ఇనియాను వెంటబెట్టుకుని, యాంగోనా వేళ్ళ కట్ట చేత పట్టుకుని నెమాని ఇంటికి క్షమాపణకు వెళ్ళింది. గుమ్మం దగ్గరే తలొంచుకుని కూర్చుంది. చిన్నాన్న ఆనవాయితీ ప్రకారం మాట్లాడి, కట్టను ముందుకు జరిపాడు. తర్వాత కెలేరా తనే చెప్పింది, బొప్పాయికి సరేనన్నది తనని, నాలుగు రోజులు ఇచ్చింది తనని, కాగితం మీద అబద్ధం కాని అబద్ధం రాసింది తనని.

నెమాని వంగి కట్ట మీద చెయ్యి వేశాడు. అరచేతులు గుంటగా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. అంటే అంగీకరించినట్టే. చిన్నాన్న యాంగోనా తాగి వెళ్ళిపోయాడు. కెలేరా లేవబోతుంటే నెమాని "కూర్చో" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ ఏకవచనం.

"నీ తప్పు నువ్వు చెప్పుకున్నావు. అరగంట కాగానే తీసేస్తానంది వాసిటి. వద్దన్నది నేను. 'ఉంచెయ్యి, పోటీలోపు మానాలి' అన్నాను. రెండో రోజు తను ఏడ్చింది కూడా, తీసేద్దామని. తియ్యనివ్వలేదు. ఆ కట్టుతోనే కొండెక్కాను."

వెనక గదిలో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. వాసిటి గుమ్మంలోకి వచ్చింది.

"ఇప్పుడు చెప్తున్నావా?"

నెమాని ఊతకర్ర దగ్గరికి లాక్కున్నాడు.

"ఊరు ఊరంతా మొగుడి కాలు కరిగించిందని నన్ను ఆడిపోసుకుంటుంటే నీ నోట్లో ఏముంది? ఎంత పెద్ద గొంతయ్యా నీది! చర్చి కప్పు లేచిపోతుందే! నా కోసం ఒక్క మాట రాలేదా అందులోంచి?"

"సిగ్గేసింది."

"నీకు సిగ్గేసింది. నేను మాత్రం..." అని ఆమె కెలేరా వైపు తిరిగింది. "నువ్వూ అంతే. నీకూ తెలుసు. ఇద్దరూ గొప్పగా క్షమాపణలు చెప్పుకున్నారు. యాంగోనా తాగారు. నాకెవరు చెప్తారు?"

వాసిటి చాప చుట్టుకుని, రెండు గౌన్లు సంచిలో వేసుకుని, దీవికి అవతలి వైపున్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక నెమాని ఊతకర్ర మీద లేచి, పాట మొదలెడతాడేమో అని అందరూ చూస్తుండగా, జరిగినదంతా చెప్పాడు. కెలేరా కూడా లేచి తన వాటా చెప్పింది. ఉతికే చోట నోరు జారిన ఆవిడ తలొంచుకుంది. వాసిటికి కబురు వెళ్ళింది. ఆమె వెంటనే రాలేదు. రెండు నెలలకు వచ్చింది. అతనికి వండిపెట్టింది, స్నానానికి నీళ్ళు తోడింది, చాలాకాలం పేరు పెట్టి పిలవలేదు.

ఆ ఏడాది నుంచి కెలేరా ఆదివారాలు చర్చి మెట్ల మీద కూర్చుని వచ్చిన వాళ్ళందరి కాళ్ళూ చూడడం మొదలుపెట్టింది. మొదటివారం ముగ్గురు వచ్చారు. ఆ తర్వాత వరస పెరిగింది. నెమాని ఎడమ కాలు చాచేవాడు, వేళ్ళ మధ్య ఆమె చూసేది, దువ్వెన పన్నుతో గీసి "తెలుస్తోందా?" అనేది. "లేదు" అనేవాడు. ఆ చక్కెర కాలి మీద ఒక్కసారి బొబ్బ లేస్తే ఆ గంటలోనే కబురు పంపాడు. మళ్ళీ పాడాడు, కుర్చీలో కూర్చుని. ఆమెను "కెలేరా" అనే పిలిచేవాడు. "మరదలా" అని మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఎందుకో ఆమె అడగలేదు.

బొప్పాయిని ఆమె మళ్ళీ ముట్టలేదు. ఒకసారి పక్కూరి ముసలాయన మడమ పుండుకు మందు లేక, అదొక్కటే దారిగా కనిపించినా, ఓడ కోసం పదకొండు రోజులు ఆగింది. ఆయన బతికాడు గాని మడమ సగం పోయింది. అది సరైన పనో కాదో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

మూడేళ్ళకు నెమాని మూత్రపిండాలు చెడి చనిపోయాడు. స్నానం చేయించేటప్పుడు కెలేరా ఎడమ పాదం తనే తుడిచింది. ఎక్కడా గీత లేదు.

దినాలు ముగిసి చుట్టాలంతా వెళ్ళిపోయిన వారం, మధ్యాహ్నం వేళ వాసిటి నర్సింగు స్టేషనుకు వచ్చి చాప మీద కూర్చుంది. చూపుడువేలు చాచింది. కెలేరా సూది పొడిచి, చిన్న యంత్రంలో చుక్క వేసింది.

"ఎంత?"

"పద్నాలుగు దాటింది. చక్కెర ఎనిమిదిలోపు ఉండాలి."

వాసిటి దూదితో వేలు అదుముకుంది. "నోరు ఎండిపోతుంటే ఏడుపు వల్లేమో అనుకున్నా" అంది. తర్వాత రెండు కాళ్ళూ చాపింది. ఎడమ మడమ మీద ఒక పగులు ఉంది. ఎంత లోతో తెలియడం లేదు.

కెలేరా కళ్ళద్దాలు పెట్టుకుని, "కాస్త వాకిలివైపు జరుగక్కా, వెలుతురు చాలట్లేదు" అంది.